నీలగిరుల్లో మానెక్‌షా జాడ: వెల్లింగ్టన్ నుంచి ఊటీ పార్సీ శ్మశానం దాకా

ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా అనగానే అందరికీ ఆయన సైన్యాధిపతిగా ఉండి పాకిస్తాన్ మీద గెలిపించిన 1971 యుద్ధమే గుర్తొస్తుంది. ఆ ఏడాది డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరుగుతున్నప్పుడు ఆయన ఢిల్లీలో ఉన్నారు. సంతకం చేయించింది తూర్పు కమాండ్ అధిపతి జగ్జీత్ సింగ్ అరోరా. కాబట్టి మానెక్‌షా కోసం ఢాకా వెళ్తే పెద్దగా దొరికేదేమీ ఉండదు. ఆయన జీవితంలో రెండు పెద్ద భాగాలు గడిచింది నీలగిరుల్లో. మొదటిది 1959 నుంచి 1962 దాకా. సైనికాధికారులకి పైచదువులు చెప్పే వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి కమాండెంట్‌గా ఉండగా ఉద్యోగం ఊడిపోయే దాకా వచ్చిన కాలం అది. రెండోది 1973లో రిటైరయ్యాక కూనూర్‌లో గడిపిన 35 ఏళ్లు. సమాధి కూడా అక్కడే, ఊటీలో. 1971 కోసం కొండెక్కినవాళ్లకి ఈ ఊళ్లు ఎక్కువగా చూపించేది ఆయన మీద విచారణ పడిన 1961నీ, ఆయన కన్నుమూసిన 2008నీ.

బయల్దేరే ముందు

కాలం ముందు చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం తేటగా ఉంటుంది, చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. జనవరిలో ఊటీ పచ్చిక మీద తెల్లారేసరికి మంచు గడ్డకట్టిన రోజులుంటాయి. ఏప్రిల్, మే నెలలు సీజను, రోడ్లు కిక్కిరిసిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల కూనూర్ వైపు వాలు మీద కొండచరియలు విరిగిపడుతుంటాయి. కల్లార్, కూనూర్ మధ్య పట్టాల మీద మట్టి పడిందంటే కొండ రైలు రోజుల తరబడి రద్దవుతుంది. వర్ధంతి రోజైన జూన్ 27కే వెళ్లాలనుకుంటే గొడుగు, వాన కోటు తప్పవు.

సొంత బండిలోనో అద్దె కారులోనో వెళ్తే ఈ-పాస్ తీసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి బండ్లకు ఇది తప్పనిసరి. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు, మనుషుల సంఖ్య, వచ్చే తేదీ, వెళ్లే తేదీ నింపితే పాస్ వస్తుంది. సీజనులో రోజుకి ఇన్ని బండ్లే అని కోటా ఉంటుంది గనక చెక్‌పోస్టు దగ్గరికి వెళ్లాక ఫోన్లో నింపుదాంలే అనుకుంటే కుదరదు. పైగా అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. రైల్లో, ప్రభుత్వ బస్సులో వచ్చేవాళ్లకి ఈ పాస్‌తో పని లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు జిల్లాలో నిషేధం, చెక్‌పోస్టులో తీసేసుకుంటారు. స్టీలు సీసా పట్టుకెళ్తే దారిలో నీళ్ల ఏటీఎంలలో నింపుకోవచ్చు.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరులో దింపుతుంది. విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నై చేరుకోగలిగితే అన్నిటికన్నా సుఖం నీలగిరి ఎక్స్‌ప్రెస్. రాత్రి చెన్నైలో ఎక్కితే తెల్లవారుజామున నేరుగా మెట్టుపాళయంలో, కొండ రైలు పక్క ప్లాట్‌ఫారం మీద దిగుతాం. కొండ రైలు సీట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ ఉదయమే చేసుకోకపోతే వెయిటింగ్ లిస్టే గతి, ఈ రైల్లో అది ఖరారవడం అరుదు. టికెట్ దొరక్కపోతే దిగులేం లేదు, కూనూర్, ఊటీ మధ్య రోజూ వేరే రైళ్లు తిరుగుతాయి. వాటిలో ఎక్కి వెల్లింగ్టన్ స్టేషన్లో దిగొచ్చు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది అనుమతుల పని. వెల్లింగ్టన్ కంటోన్మెంట్. డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ రెండూ పనిచేస్తున్న సైనిక సంస్థలు, పర్యాటక స్థలాలు కావు. లోపలి మ్యూజియంలు, స్మారకాలు చూడాలంటే ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి. ఆధార్ కార్డు నకలు, వచ్చే తేదీ, ఎంతమంది, ఎందుకు అన్నది స్పష్టంగా ఉండాలి. ఇంట్లో మాజీ సైనికుడో, ఉద్యోగంలో ఉన్నవాళ్లో ఉంటే వాళ్ల ద్వారా అడిగితే పని తేలికవుతుంది. అనుమతి రాకపోయినా యాత్ర ఆగదు. బయటి నుంచి చూడాల్సింది చాలానే ఉంది.

మొదటి రోజు: మెట్టుపాళయం - కూనూర్

రైలు ఉదయం 7.10కి కదులుతుంది. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, పైకి దాదాపు అయిదు గంటలు. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. కూనూర్ దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

కల్లార్ దాటాక కిటికీలోంచి కాసేపు పట్టాల మధ్యకి చూడండి. రెండు పట్టాలకీ నడుమ పళ్లున్న ఇనుప పట్టీలు రెండు పక్కపక్కన కనిపిస్తాయి. ఒక పట్టీ పళ్లకి ఎదురుగా రెండో పట్టీలో సందులు వస్తాయి, అంటే పళ్లు ఒకదానితో ఒకటి కలవకుండా అమర్చారు. ఇంజను కింద పళ్ల చక్రం ఒక పట్టీలోంచి పన్ను వదిలే సమయానికి రెండో పట్టీలో పన్ను పట్టుకునే ఉంటుంది. 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కే ఈ వాలు మీద మామూలు చక్రాలైతే జారిపోతాయి. ఇంజను కూడా ముందుండదు, పల్లం వైపు ఉండి పెట్టెల్ని వెనక నుంచి నెడుతుంది. గొలుసు తెగినా పెట్టెలు ఇంజను మీదే ఆగాలి కదా. పెట్టె పెట్టెకీ ముందు వసారాలో ఒక బ్రేక్ మనిషి నిలబడి జెండాతో ఇంజనుకి సైగలు అందిస్తుంటాడు. హిల్‌గ్రోవ్ లాంటి చోట్ల రైలు ఆగేది నీళ్ల కోసం. అప్పుడు దిగి కాళ్లు సాగదీసుకోవచ్చు, కానీ కోతులకి చేతిలో తిండి కనబడకూడదు.

కూనూర్ దాకా పట్టే మూడు గంటల పైచిలుకు సమయం మానెక్‌షా తొలి జీవితం చదువుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. పుట్టింది 1914 ఏప్రిల్ 3న, అమృత్‌సర్‌లో, పార్సీ వైద్యుడి ఇంట. నైనితాల్ షేర్‌వుడ్ కాలేజీలో చదువు. డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో మొదలైనప్పుడు మొదటి బ్యాచ్‌లో చేరిన 40 మందిలో ఆయన ఒకరు. అదే బ్యాచ్‌లో ఉన్న ముహమ్మద్ మూసా 1965 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యాధిపతి. ఇంకొకరు స్మిత్ డన్, స్వతంత్ర బర్మా సైన్యానికి అధిపతి అయ్యారు. ఒకే వరుసలో కవాతు చేసిన ముగ్గురు మూడు దేశాల సైన్యాలు నడిపారన్నమాట.

1942 ఫిబ్రవరి 22. బర్మాలో సిట్టాంగ్ నది వంతెన. జపాన్ సైన్యం తరుముకొస్తుంటే 17వ డివిజను వెనక్కి తగ్గుతోంది. వంతెన పక్కన పగోడా కొండ చేజారితే దారి మూసుకుపోతుంది. 12వ ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్ 4వ బెటాలియన్‌లో కెప్టెన్‌గా ఉన్న మానెక్‌షా తన కంపెనీతో ఆ కొండ పట్టుకున్నారు. అప్పుడే మెషిన్‌గన్ తూటాలు పొట్టలో దిగాయి. బతకడనుకున్న సీనియర్ అధికారి డేవిడ్ కోవన్ తన గుండెల మీది మిలిటరీ క్రాస్ రిబ్బన్ తీసి ఆయనకి గుచ్చాడు, చనిపోయినవాళ్లకి ఆ పతకం ఇవ్వరు కాబట్టి. ఆయన సహాయకుడు (ఆర్డర్లీ) షేర్ సింగ్ మోసుకెళ్లి వైద్యుడి దగ్గర చేర్చాడు. ఏమైందని సర్జన్ అడిగితే కంచరగాడిద తన్నిందని మానెక్‌షా జవాబిచ్చారన్న ముచ్చట సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పతకం ఆ ఏడాది ఏప్రిల్ 23న గెజిట్‌లో వచ్చింది. ఆ రెజిమెంట్ 1947లో పాకిస్తాన్ వాటాకి పోయింది. ఏ పటాలంలో రక్తం ధారపోశారో ఆ పటాలం అయిదేళ్లకే సరిహద్దు అవతలిదైంది. తర్వాత ఆయన పేరుతో ముడిపడింది 8వ గోర్ఖా రైఫిల్స్. 'శామ్ బహదూర్' అని పిలిచింది గోర్ఖాలే.

కూనూర్‌కి ముందు, రన్నిమేడ్ దాటాక వచ్చేది కట్టేరి ప్రాంతం. 2021 డిసెంబరు 8న సూలూరు నుంచి స్టాఫ్ కాలేజీకి వస్తూ జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూలింది ఇక్కడి నంజప్పసత్రం దగ్గరే. చనిపోయినవాళ్లలో మన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ కూడా ఉన్నాడు. ఆ రోజు మంచు ఎంత దట్టంగా కమ్మిందో ఏ డిసెంబరులోనైనా ఈ మలుపు దగ్గర చూసినవాళ్లకి తెలుస్తుంది. పది నిమిషాల్లో ఎదుటి చెట్టు మాయమైపోతుంది.

కూనూర్‌లో దిగాక ఆ పూట విశ్రాంతి. స్టేషను ఎత్తు 1,700 మీటర్ల పైన. పొద్దున మెట్టుపాళయం 330 మీటర్లు. వెంటనే పరుగులు పెడితే కొందరికి ఆయాసం, తలనొప్పి రావచ్చు.

రెండో రోజు: వెల్లింగ్టన్

కూనూర్ బస్టాండు నుంచి మూడు కిలోమీటర్లు. ఊటీ వెళ్లే బస్సులు ఇటే పోతాయి. పాత పేరు జక్కతల. 1852లో బ్యారక్‌ల పని మొదలైంది. తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరు పెట్టారు. ఆ పెద్ద బ్యారక్‌లకి ఇప్పుడు జనరల్ శ్రీనగేశ్ పేరుంది. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వైద్యుడి కొడుకు, 1955 నుంచి 1957 దాకా సైన్యాధిపతి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరు. తెలుగు యాత్రికులు ఆ పేరు దగ్గర ఒక నిమిషం ఆగాలి.

ఇక్కడ ఫోటోల విషయంలో జాగ్రత్త. గేట్లు, కాపలా గదులు, పరేడ్ మైదానం, వాహనాలు తీయకూడదు. ఫోన్ ఎత్తి ప్రహరీ వైపు చూపించినా సెంట్రీ పిలుస్తాడు, తీసినవి తుడిపిస్తాడు. వాదించకుండా తుడిచేయడమే మంచిది. రోడ్డు మీద నుంచి లోయని, గోల్ఫ్ మైదానాన్ని తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

స్టాఫ్ కాలేజీ చిహ్నం గుడ్లగూబ. ఇక్కడ చదివి బయటికెళ్లిన అధికారుల్ని సైన్యంలో గుడ్లగూబలనే అంటారు. మన ఇళ్లలో అపశకునమనే పక్షి ఇక్కడ తెలివికి గుర్తు. దేశ విభజనతో క్వెట్టాలోని పాత స్టాఫ్ కాలేజీ పాకిస్తాన్‌కి పోతే, మనకంటూ వెల్లింగ్టన్‌లో కొత్తది పెట్టుకున్నారు. 1959లో మేజర్ జనరల్ హోదాలో మానెక్‌షా దీని కమాండెంట్‌గా వచ్చారు.

ఈ యాత్రలో అసలు కథ ఇక్కడుంది. అప్పటి రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మేనన్. ఆయనకి దగ్గరివాడు లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్. సైన్యాధిపతి తిమ్మయ్యకీ మేనన్‌కీ పడదు. 1959లో తిమ్మయ్య రాజీనామా ఇచ్చి వెనక్కి తీసుకున్నారు కూడా. తన పై అధికారి గురించి అభిప్రాయం చెప్పమని మేనన్ అడిగితే చెప్పనన్నారని మానెక్‌షా తర్వాత చెప్పుకున్నారు. సైన్యంలో రాజకీయ జోక్యం గురించి నోరు అదుపులో పెట్టుకోని మనిషి. మెస్‌లో ఏ మాట అన్నా ఢిల్లీకి చేరేది. చివరికి దేశభక్తి లేదని, బ్రిటిష్ వాళ్ల చిత్రాలు గోడలకి తగిలించాడని ఆరోపణలు వచ్చి 1961లో విచారణ పడింది. లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్ జరిపిన విచారణలో తప్పేమీ తేలలేదు. కానీ ఆ నెలల్లో పదోన్నతి ఆగిపోయింది, తోటివాళ్లు పైకెళ్లిపోయారు.

1962 అక్టోబరులో చైనా యుద్ధం వచ్చింది. తేజ్‌పూర్‌లోని 4వ కోర్‌ని నడిపించింది కౌలే. ఓటమి తర్వాత ఆయన తప్పుకున్నారు, మేనన్ మంత్రి పదవి పోయింది. డిసెంబరులో ఆ 4వ కోర్ పగ్గాలు ఎవరికిచ్చారో తెలుసా? వెల్లింగ్టన్‌లో విచారణ ఎదుర్కొన్న మనిషికి. వెళ్లగానే ఇచ్చిన ఆదేశం సైన్యంలో నానుడి అయిపోయింది: రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఎవరూ వెనకడుగు వేయకూడదు, అలాంటి ఉత్తర్వు ఎప్పటికీ రాదు. చైనా యుద్ధం రాకపోయి ఉంటే వెల్లింగ్టనే ఆయన ఉద్యోగానికి ఆఖరి మజిలీ అయ్యేదేమో. 1971 గురించి మాట్లాడేవాళ్లు ఈ ఊరిని పట్టించుకోకపోవడం పొరపాటు.

మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1947లో ఇక్కడికొచ్చింది. 1758 నాటి పటాలం, భారత సైన్యంలో పాత కాల్బలం ఇదే. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ కుర్రాళ్లు శిక్షణ పొందేది ఈ కొండ మీదే. టోపీ బ్యాడ్జి మీద ఏనుగు 1803 అస్సాయే యుద్ధానిది. 'వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు' అన్న కేక తెల్లవారుజామున రోడ్డు మీదికి వినబడుతుంది.

ఇక్కడే ఒక పక్క పని చక్కబెట్టుకోవచ్చు. తాతగారో నాన్నగారో మద్రాస్ రెజిమెంట్‌లో చేసి చనిపోయి ఉంటే వాళ్ల సర్వీసు కాగితాలు చూసేది వెల్లింగ్టన్‌లోని ఆ రెజిమెంట్ రికార్డు ఆఫీసే. అడగాలంటే ముందు కావాల్సింది ఆర్మీ నంబరు. అది డిశ్చార్జి పుస్తకం మీద, పింఛను ఉత్తర్వు మీద, కొన్ని పతకాల అంచు మీద కూడా ఉంటుంది. హోదా, పేరు ఇంగ్లీషులో రాసిన తీరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, యూనిట్ జతచేయాలి. పేర్ల దగ్గరే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతాయి. మన ఇంటిపేరు సైన్యం పుస్తకంలో ఒక్కోసారి చివరకి పోతుంది, ఒక్కోసారి అసలుండదు. రెండు రకాలూ రాయడం మంచిది. మనిషి మద్రాస్ రెజిమెంట్ కాకపోతే వెల్లింగ్టన్‌లో అడిగి లాభం లేదు. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డులు బెంగళూరులో, ఫిరంగి దళానివి నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళం), ఆర్డ్‌నెన్స్ (సైనిక సామగ్రి) కోర్‌లవి సికింద్రాబాద్‌లో ఉంటాయి. ఇది జవాన్లకీ జేసీవోలకీ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకీ). అధికారుల కాగితాలు ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయం చూస్తుంది.

మూడో రోజు: కూనూర్, ఊటీ రోడ్డు

మానెక్‌షా ఇంటి పేరు స్టావ్కా. రష్యన్లు తమ సర్వసైన్య ప్రధాన స్థావరాన్ని పిలిచే పేరు అది. రిటైరైన సైనికుడు తన తోట ఇంటికి ఆ పేరు పెట్టుకోవడంలో ఆయన హాస్యం కనబడుతుంది. అది కుటుంబానికి చెందిన ప్రైవేటు ఇల్లు. గేటు దాకా వెళ్లి తలుపు తట్టడం, డ్రోన్ ఎగరేయడం మర్యాద కాదు. ఆ కొండవాలూ తేయాకు తోటలూ కూనూర్ రోడ్ల మీద నుంచి ఎలాగూ కనిపిస్తాయి.

ఇక్కడ చెప్పుకోవాల్సింది జీతం సంగతి. 1973 జనవరిలో ఆయన్ని ఫీల్డ్ మార్షల్ చేశారు, స్వతంత్ర భారతంలో మొదటివారు. అదే నెల 15న సైన్యాధిపతి పదవి వదిలారు. ఫీల్డ్ మార్షల్‌కి రిటైర్మెంట్ ఉండదు, బతికినంత కాలం ఉద్యోగంలో ఉన్నట్టే. అలాంటప్పుడు పూర్తి జీతం రావాలి. కానీ 30 ఏళ్లకి పైగా అందలేదు. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం వచ్చి పలకరించి వెళ్లాకే కదలిక వచ్చింది. సుమారు 1.3 కోట్ల రూపాయల బకాయి చెక్కు చేతికొచ్చేసరికి ఆయనకి 90 దాటిపోయాయి.

ఫోటోలు, విగ్రహాలు చూసేటప్పుడు భుజాల మీద గుర్తులు చదవడం వస్తే ఏ కాలం నాటిదో ఇట్టే చెప్పొచ్చు. మూడు నక్షత్రాలుంటే కెప్టెన్, అంటే సిట్టాంగ్ రోజులు. అడ్డంగా కత్తి, దండం, వాటి మీద ఒక నక్షత్రం ఉంటే మేజర్ జనరల్, వెల్లింగ్టన్ కాలం. నక్షత్రం బదులు సింహాల చిహ్నం ఉంటే లెఫ్టినెంట్ జనరల్. సింహాలు, నక్షత్రం రెండూ ఉంటే జనరల్, 1971 నాటిది. కత్తి, దండం చుట్టూ తామర పూల దండ, పైన సింహాలు ఉంటే ఫీల్డ్ మార్షల్. రొమ్ము మీది రిబ్బన్ల వరుసల్లో తెలుపు, ఊదా, తెలుపు మూడు పట్టీలున్న దాన్ని వెతకండి. మిలిటరీ క్రాస్ అదే, సిట్టాంగ్‌లో కోవన్ తన ఛాతీ మీది నుంచి తీసి గుచ్చిన రకం.

కూనూర్ నుంచి ఊటీకి 18 కిలోమీటర్లు. అరువంకాడు దగ్గర కార్డైట్ ఫ్యాక్టరీ పక్కనుంచి రోడ్డు పోతుంది. అక్కడా ఫోటోలు వద్దు. ఊటీ, కూనూర్ రోడ్డు మీది వంతెనకి 2009లో మానెక్‌షా పేరు పెట్టారు, దగ్గర్లోనే గ్రానైట్ విగ్రహం ఉంది. రోడ్డు ఇరుకు, మలుపు మీద బండి ఆపితే వెనక బస్సులు ఆగిపోతాయి. కాస్త ముందుకి తీసుకెళ్లి నిలిపి నడిచి రావాలి. బస్సులో వెళ్లేవాళ్లు వెల్లింగ్టన్ చూసిన రోజే ఇది కూడా ముగించుకుంటే నయం.

నాలుగో రోజు: ఊటీ, పార్సీ శ్మశానం

2008 జూన్ 27, అర్ధరాత్రి దాటి అరగంట. వెల్లింగ్టన్ సైనిక ఆసుపత్రిలో న్యుమోనియాతో మానెక్‌షా కన్నుమూశారు, వయసు 94. ఊటీలోని పార్సీ శ్మశానంలో, 2001లో పోయిన భార్య సిల్లూ సమాధి పక్కనే ఖననం చేశారు.

పార్సీలంటే శవాన్ని డఖ్మాలో, అంటే పక్షులకి వదిలేసే గోపురంలో పెడతారని తెలిసినవాళ్లకి ఖననమేమిటన్న అనుమానం రావచ్చు. మన సికింద్రాబాద్ పార్సీగుట్టలో డఖ్మా ఉంది. పార్సీ కుటుంబాలు పదీ ఇరవై మాత్రమే ఉన్న ఊళ్లలో డఖ్మా కట్టి నిర్వహించడం కుదరదు. అలాంటి చోట్ల ఆరామ్‌గాహ్ అనే ఖనన స్థలం ఉంటుంది. ఊటీది అలాంటిదే.

ఇది బొటానికల్ గార్డెన్ లాగా ఎప్పుడుపడితే అప్పుడు తెరిచి ఉండే చోటు కాదు. గేటుకి తాళం ఉండొచ్చు. బస చేసిన చోట ముందు రోజే అడిగించి, కాపలా మనిషి ఎప్పుడుంటాడో తెలుసుకుని వెళ్లాలి. ఊరి ఆటోవాళ్లకి 'మానెక్‌షా సమాధి' అంటే వెంటనే అర్థం కాకపోవచ్చు, 'పార్సీ శ్మశానం' అని కూడా చెప్పాలి. పూలు పట్టుకెళ్తే చాలు. కొబ్బరికాయ కొట్టడం, అగరొత్తులు, కర్పూరం వెలిగించడం వద్దు, వేరే మతం వాళ్ల శ్మశానం అది. మిగతా సమాధులు పార్సీ కుటుంబాల సొంత జ్ఞాపకాలు, వాటి ఫోటోలు తీయకుండా ఉంటే గౌరవం. వాన పడితే వాలు మీద అడుగు జారుతుంది, పట్టున్న బూట్లు కావాలి. పెద్దవాళ్లకి చేతికర్ర అవసరమే. జూన్ 27న సైన్యం వైపు నుంచి పుష్పగుచ్ఛాలు పెట్టడం ఉంటుంది. ఆ ఉదయం వాళ్ల కార్యక్రమం అయ్యాకే బయటివాళ్లు వెళ్లడం మేలు.

అంత్యక్రియల నాటి సంగతి తెలుసుకోకుండా ఇక్కడికి రావడం సగం చదివి పుస్తకం మూయడమే. రాష్ట్రపతి రాలేదు, ప్రధాని రాలేదు, రక్షణ మంత్రి రాలేదు, త్రివిధ దళాధిపతులు ముగ్గురూ రాలేదు. జాతీయ సంతాప దినం ప్రకటించలేదు. కేంద్రం తరఫున వచ్చింది రక్షణ శాఖ సహాయ మంత్రి, కాకినాడ ఎంపీ పళ్లంరాజు. దేశానికి యుద్ధం గెలిపించిన సేనాధిపతిని సాగనంపిన తీరు మీద అప్పట్లో పత్రికల్లో చాలా విమర్శలు వచ్చాయి. ప్రొటోకాల్ జాబితాలో ఫీల్డ్ మార్షల్ ఎక్కడుంటాడో చూసుకున్నారేమో గానీ, ఆ మనిషి ఎవరో చూసుకోలేదు. పోలిస్తే కూనూర్, వెల్లింగ్టన్ జనం రోడ్ల పక్కన బారులు తీరారు.

1971 ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్ మీదికి వెళ్లమని ఇందిరా గాంధీ అడిగితే, వానాకాలం వస్తే నదులు సముద్రాలవుతాయని, చలికాలంలో హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోతే చైనా కదలలేదని, అప్పటిదాకా గడువు కావాలని మానెక్‌షా అడిగారని అందరికీ తెలుసు. ఆ సన్నివేశం మనకి దక్కింది చాలావరకు ఆయన సొంత ఉపన్యాసాల నుంచే. మనిషి మంచి కథకుడు, ప్రతిసారీ కాస్త మసాలా పడుతుంది. చరిత్రకారులు ఆ సమావేశపు వివరాల్ని కొంత తగ్గించి చూస్తారు. అయితే గడువు తీసుకున్న మాట, ఆ గడువులో సరుకు, దారులు, బలగాలు సర్దుకున్న మాట నిజం. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. శత్రు సైనికులకి లొంగిపొమ్మని రేడియోలో, కరపత్రాల్లో ఆయన పేరు మీద వెళ్లిన పిలుపులు కూడా అందులో భాగమే.

అయిదో రోజు: దిగుదారి

ఊటీ నుంచి మధ్యాహ్నం 2 గంటలకి కొండ రైలు బయల్దేరి సాయంత్రం అయిదున్నర దాటాక మెట్టుపాళయం చేరుతుంది. నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రికి అందుతుంది. సొంత బండి వాళ్లని సీజనులో పోలీసులు కూనూర్ రోడ్డు మీదుగా ఎక్కించి కోత్తగిరి మీదుగా దింపుతారు. దిగేటప్పుడు రెండో గేరులోనే రావాలి. బ్రేకు మీద కాలు అదిమి పెట్టి దిగితే ఏడెనిమిది మలుపుల తర్వాత బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. కాలిన వాసన వస్తే వెంటనే పక్కకి ఆపి అరగంట చల్లారనివ్వాలి. వేడి చక్రం మీద నీళ్లు పోయకూడదు.

ఇంకో రెండు రోజులు తీరిక ఉన్నవాళ్లకి మైసూరు మీదుగా మడికేరి మంచి కొనసాగింపు. దేశంలోని రెండో ఫీల్డ్ మార్షల్ కరియప్పది ఆ ఊరే. వెల్లింగ్టన్ కథలో వచ్చిన తిమ్మయ్య పుట్టిన ఇల్లు 'సన్నీ సైడ్' 2021 నుంచి మ్యూజియంగా ఉంది. ఊటీ నుంచి గూడలూరు మీదుగా వెళ్లాలి. మసినగుడికి దిగే కల్లట్టి రోడ్డు దగ్గరే గానీ 36 హెయిర్‌పిన్ మలుపులు, ప్రమాదాలు జరగడంతో బయటి బండ్లని ఆ రోడ్డున కిందికి పంపరు. బండీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రోడ్డు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నానికల్లా ఊటీ వదిలితే చీకటి పడకముందే గుండ్లుపేట దాటేయొచ్చు.